మర్నాటి ప్రాక్టీసు: మేనేజర్ దేవసహాయం గారు

దేవసహాయం గారు పోయారన్న సంగతి నాకు బోనకల్ స్టేషన్లో తెలిసింది. మా చెల్లెలింటికి వెళ్ళి, ఖమ్మం బండి కోసం ప్లాట్‌ఫారం చివర నిలబడి ఉన్నాను. పట్టాల మీద పని ముగించుకుని వస్తున్న గ్యాంగ్‌మన్ ఒకడు నన్ను చూసి ఆగాడు. ముత్తయ్య. ఒకప్పుడు మా ఊరి ఫుట్‌బాల్ టీములో రైటు వైపు పరిగెత్తినవాడు. నమస్కారం పెట్టలేదు, బాగున్నారా అని అడగలేదు.

"సార్, మన మేనేజర్ సారు పోయిండు," అన్నాడు. "మధ్యాన్నం, ఖమ్మం దవాఖానల. గుండె ఆగిందట. వాళ్ళ రూబెన్ ఫోన్ చేసి చెప్పిండు."

మొన్న ఆదివారమే కదా ఆయన గ్రౌండు పక్కన కూర్చుని, నా కొత్త కళ్ళజోడు బాగాలేదని చెప్పింది. ముత్తయ్య నా మొహం చూసి చెయ్యి పట్టుకున్నాడు. సిమెంటు బెంచీ దగ్గరికి నడిపించి కూర్చోబెట్టి, తాను పక్కన కూర్చున్నాడు.

"నిలబెట్టి చెప్పిన సార్," అన్నాడు. "తప్పయింది. ఆయన నేర్పింది గిది కాదు."

ఆ మాటకు అర్థం మా గ్రౌండు మీద తిరిగినవాళ్ళకు తెలుసు. తెలియనివాళ్ళ కోసం ఈ వ్యాసం. ఎందుకంటే తరువాత జరిగిన సంస్మరణ సభలో మాట్లాడినవాళ్ళలో ఒక్కరికీ అది తెలిసినట్టు నాకు కనిపించలేదు.

సభ ఘనంగానే జరిగింది. పూలదండల వెనక ఫొటో కనిపించనే లేదు. క్లబ్బు అధ్యక్షులు శేషగిరిరావు గారు మైకు ముందు చాలాసేపు నిలబడ్డారు. ఆయన తునికాకు కాంట్రాక్టరు. బీడీలకు వాడే ఆ ఆకు మా అడవిలో ఎవరు తెంపినా ఒకప్పుడు ఆయన కల్లానికే చేరేది. దేవసహాయం గారిని ఆయన 'ఫుట్‌బాల్ భీష్ముడు' అన్నారు. 'క్రీడాకాశంలో ధ్రువతార' అన్నారు. 'తీరని లోటు' అని మూడుచోట్ల అన్నారు. ఆ లోటును స్వయంగా తన చేత్తో కల్పించిన మనిషి ఆ మాటను ఇంత ధారాళంగా వాడటం విని నాకు కోపం రావలసింది. రాలేదు. ఆయన మీద కోపం తెచ్చుకోవడం నేను చాలా ఏళ్ళ కిందటే మానేశాను. కోపానికి కూడా ఎదుటి మనిషిలో కొంత సరుకుండాలి.

ఇంకొకాయన లేచి, దేవసహాయం గారు కలప డిపోలో దుంగను తట్టి లోపలి బోలు కనిపెట్టినట్టే మనుషులను కూడా తట్టి లోపలి బోలు కనిపెట్టేవారని చెప్పాడు. చప్పట్లు పడ్డాయి. వేదిక మీద అన్ని బోలు దుంగలు వరసగా కూర్చుని చప్పట్లు కొట్టడం చూస్తే, పోలిక మంచిదే కాని చోటు సరైనది కాదనిపించింది.

ఆయన భీష్ముడూ కాదు, ధ్రువతారా కాదు. ప్రభుత్వ కలప డిపోలో గుమాస్తా. కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట మా ఊరు. ఊరికొక ఫుట్‌బాల్ క్లబ్బు ఉండేది. ఆయన దానికి జీతం లేని మేనేజరు. మిషన్ స్కూలు గ్రౌండులో సున్నపు గీతలు గీయించడం, బంతులకు గాలి కొట్టించడం, పోటీలకు పోవడానికి లారీ మాట్లాడటం, కోచ్‌ను వెతికి తేవడం ఆయన పనులు. నేను ఆ స్కూల్లోనే టీచర్ని. కోచ్‌లకు ఇంగ్లీషులో ఉత్తరం రాస్తే తప్ప జవాబిచ్చేవాళ్ళు కాదు. ఆయనకు ఇంగ్లీషు రాయడం రాదు. అలా మా స్నేహం మొదలైంది.

ఆయన ఎన్నడూ బంతి ఆడి ఎరగరు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో చివరిదాకా ఆయనకు సరిగా తెలియలేదని నా అనుమానం. రిఫరీ ఈల వేసినప్పుడల్లా నా వైపు వంగి, "ఏంది, గదేనా?" అని అడిగేవారు. అదేనంటే తల ఊపేవారు. మెచ్చుకోవడం ఆయనకు రాదు. ఎవరైనా గోలు వేస్తే, "ఇగో, ఇంతసేపు ఎందుకు పట్టింది మరి?" అనేవారు. టీ తాగేవాళ్ళంటే ఆయనకెందుకో చిన్నచూపు. చర్చిలో పాట పాడితే పక్కవాళ్ళు శ్రుతి తప్పేవారు. ఇవన్నీ ఆయన బతికుండగా నేను ఆయనకే చెప్పాను కాబట్టి ఇప్పుడు రాయడానికి సంకోచం లేదు.

కాని కోచ్‌ను ఎంచడంలో ఆయనంతటివాణ్ణి నేను చూడలేదు.

కోచ్‌లో ఏం చూడాలన్న విషయంలో మా ఊళ్ళో రెండు అభిప్రాయాలుండేవి. శేషగిరిరావు గారిది మొదటిది. కోచ్ పొడుగ్గా ఉండాలి. ట్రాక్‌సూట్ ఉండాలి, మెళ్ళో ఈల వేలాడాలి. ఇంగ్లీషు రావాలి, కనీసం వచ్చినట్టు వినిపించాలి. ఎమ్మెల్యే గారు వచ్చినప్పుడు ఫొటోలో పక్కన నిలబడితే నిండుగా ఉండాలి. "మనవాడై ఉండాలండీ, మన మాట దాటకూడదు," అనేవారు. అంటే ఆయనకు కావలసింది ఈల వేయగల నౌకరు. కమిటీలో మిగతావాళ్ళకు అభిప్రాయాలు లేవు. ఆయన జీపులో చోటుండేది.

ఆ క్లబ్బులో ఇంకొక ఆచారం కూడా ఉండేది. ఎవరు జెర్సీలు కుట్టిస్తే టీములో వాళ్ళ మనిషికి ఒక చోటు. ఒకసారి సారా కాంట్రాక్టరు కుట్టించి వాళ్ళ తమ్ముణ్ణి దింపాడు. ఇంకోసారి మిర్చి వ్యాపారి కుట్టించి, పరిగెడితే రొప్పొచ్చే తన అల్లుణ్ణి దింపాడు. శేషగిరిరావు గారు కుట్టించిన జెర్సీల వీపు మీద ఆయన ఆకు కంపెనీ పేరు అడ్డంగా అంత పొడుగున ఉండేది, దాని కింద మిగిలిన సందులో నెంబరు. రిఫరీకి నెంబర్లు కనిపించక, తప్పు చేసినవాణ్ణి వదిలేసి పక్కవాణ్ణి మందలించేవాడు. కంపెనీ పేరు మాత్రం రోడ్డు మీద పోయే బస్సులోంచి కూడా చదవొచ్చు.

దేవసహాయం గారు ఈ ఆచారాన్ని కాదనలేదు. దానికి తన అర్థం తాను చెప్పుకున్నారు. "జెర్సీ ఇచ్చినోళ్ళ మనిషి జెర్సీ తొడుక్కుంటడు, వద్దన్నమా? ఆడుడు ఆడకపోవుడు కోచ్ చెప్పాలె," అనేవారు. అలా చెప్పగల కోచ్ కావాలి. ఆయన అభిప్రాయమంతా అదే.

ఆయన పరీక్ష పెట్టే పద్ధతి ఇది. ఉద్యోగం కోసం వచ్చినవాణ్ణి సాయంత్రం ప్రాక్టీసు మ్యాచి చూడమనేవారు. గ్రౌండు పక్కన, డిపోవాళ్ళు పనికిరాదని పారేసిన టేకు దుంగ ఒకటుంది. దాని మీద ముగ్గురం కూర్చునేవాళ్ళం. ఆట అయ్యాక ఒక్క ప్రశ్న: "వీళ్ళల్ల ఎవరిని కూర్చోబెడతవు?" అంటే ఆడించకుండా ఎవరిని పక్కన పెడతావని. వచ్చినవాడు ఎవరినో చూపించేవాడు. "అయితే పోయి ఆ పిలగానికి నువ్వే చెప్పు," అనేవారు. చెప్పి వచ్చాక కూడా ఆయన అవునని కాని కాదని కాని అనేవారు కాదు. వచ్చినవాడికి ఆ పూట తన ఇంట్లోనే అన్నం, పడక. మర్నాడు పొద్దున్నే ఆయన గ్రౌండుకు పోయి దుంగ మీద కూర్చునేవారు. కూర్చోబెట్టిన కుర్రాడు ప్రాక్టీసుకు వచ్చాడా, కోచ్‌కు ఉద్యోగం. రాలేదా, కోచ్‌కు ఖమ్మం బస్సు.

"ఆట తెలిసినోళ్ళు జిల్లా నిండ ఉన్నరు," అని ఒకసారి నాకు చెప్పారు. "గెలిచే పదకొండు మందిని ఎవడైన దింపుతడు. తీసేసినోడు కూడ తెల్లారి రావాలె. గట్ల తీసేసేటోడు కావాలె నాకు."

హైదరాబాద్ నుంచి ట్రాక్‌సూటులో వచ్చినాయన ఈ పరీక్షలో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాడు. నల్లబల్ల తెప్పించి, సుద్దముక్కతో బాణాలు గీసి, ప్రపంచంలో ఏయే దేశాలవాళ్ళు ఎలా నిలబడతారో గంటసేపు చెప్పాడు. దేవసహాయం గారు శ్రద్ధగా విని, "బల్ల మీద అందరు గెలుస్తరు," అన్నారు. ఎవరిని కూర్చోబెడతావంటే ఆయన ఒక కుర్రాణ్ణి చూపించాడు. పోయి చెప్పమంటే, "మేనేజర్ గారు, ఇలాంటివి మీరు చెప్తేనే పద్ధతిగా ఉంటుందేమో," అన్నాడు. శేషగిరిరావు గారికి ఆయన చాలా నచ్చాడు.

రెండోవాడు మిలటరీలో పనిచేసి వచ్చాడు. ఆయన ముత్తయ్యను చూపించాడు. చెప్పమనగానే లేచి, గ్రౌండు నడుమ నిలబడి, అందరూ వినేటట్టు, "నీకు బుర్ర లేదు, అడివిలోకి పో," అని అరిచాడు. వచ్చి దుంగ మీద కూర్చుని, "అయిపోయింది," అన్నాడు. నిజంగానే అయిపోయింది. మర్నాడు ముత్తయ్య రాలేదు.

అది తునికాకు కోసే కాలం. ముత్తయ్య వాళ్ళది అడవి లోపలి కోయగూడెం. తల్లితో కలిసి ఆకు తెంపుకోవడానికి పోయాడు. దేవసహాయం గారు మిలటరీ ఆయనను బస్సెక్కించి, సైకిలేసుకుని అడవిలోకి పోయారు. నన్ను వెనక కూర్చోబెట్టుకున్నారు. దారి లేని చోట సైకిలును మోయడం మాత్రం నా వంతైంది.

ముత్తయ్య ఆకుల మోపు కింద పడేసి, "సారూ! గీడికెట్ల వచ్చిండ్రు?" అన్నాడు.

"నువ్వు రాలే. నేనొచ్చిన."

"ఆ మిలటరీ సారు ఉన్నడా?"

"పంపించిన."

"ఎందుకు సార్?"

"నువ్వు రాలేదు గద, అందుకే."

ముత్తయ్య ఆ మాటను వాళ్ళమ్మకు వాళ్ళ భాషలో చెప్పాడు. ఆమె దేవసహాయం గారిని కింది నుంచి పైదాకా చూసి, ఒక్కసారి పగలబడి నవ్వింది. కొడుకు బంతి ఆటకు రాలేదని ఒక పెద్దమనిషిని బస్సెక్కించిన ఇంకో పెద్దమనిషిని ఆమె అంతకు ముందు చూసి ఉండదు. మాకు తాగడానికి నీళ్ళిచ్చింది. మర్నాడు ముత్తయ్య ప్రాక్టీసుకు వచ్చాడు.

మూడోవాడు యూసుఫ్. ఖమ్మం మిర్చి యార్డులో కాంటా దగ్గర పనిచేస్తున్నాడు. ఒకప్పుడు హైదరాబాద్‌లో లీగు ఆడి మోకాలు పోగొట్టుకున్నవాడు. పొట్టి మనిషి. చొక్కాకు మిరపఘాటు వదిలేది కాదు. పక్కన కూర్చుంటే తుమ్ములు. శేషగిరిరావు గారు జీపులోంచే ఆయన్ను చూసి, "ఇతనేం కోచ్ అండీ? లారీ క్లీనర్‌లా ఉన్నాడు," అని, దిగకుండానే వెళ్ళిపోయారు.

ఆట అయింది. దేవసహాయం గారు అడిగారు: "ఎవరిని కూర్చోబెడతవు?"

"గోల్‌కీపర్‌ను సార్."

ఆ గోల్‌కీపరు రూబెన్, దేవసహాయం గారి ఒక్కగానొక్క కొడుకు. నేను దుంగ మీద ఇటు జరిగాను.

"ఆ పిలగాడు ఎవరో ఎరుకేనా?"

"మీ అబ్బాయే కద సార్. ముక్కు చూస్తె తెలుస్తలేదా?"

"మరి?"

"ముక్కు తీరుగనే చేతులు కూడ మీవే వచ్చినట్టున్నయి. బంతి నిలుస్తలేదు."

దేవసహాయం గారు తన చేతులు ఒకసారి చూసుకున్నారు. "పోయి చెప్పు," అన్నారు.

యూసుఫ్ గోలుపోస్టు దాకా కుంటుకుంటూ పోయాడు. అక్కడ రూబెన్ నిలబడి ఉన్నాడు. యూసుఫ్ ముందు తాను మట్టిలో కూర్చున్నాడు. ఒక పెద్దమనిషి కింద కూర్చుంటే మీద నిలబడి వినడం బాగుండదని కాబోలు, రూబెన్ కూడా కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో మాకు వినపడలేదు. ఆ తరువాత రూబెన్ నాకు చెప్పిన మాటలివి: "నీ కాళ్ళు మంచిగున్నయి బేటా, చేతులు గోల్‌కీపర్‌వి కావు. ఇది ఇప్పటిదాక నీకెవ్వరు చెప్పలే. మేనేజర్ కొడుకువని చెప్పలే. అందుకే ఇన్నేండ్లు తప్పు జాగల నిలబడ్డవ్. పొద్దున రా, వెనక లెఫ్ట్ సైడ్ పెట్టి చూస్త. గక్కడ కూడ మంచిగ లేకపోతె, అది కూడ నేనే చెప్త."

ఆ సాయంత్రం నన్ను కూడా భోజనానికి ఉండమన్నారు. ఇంట్లో యుద్ధం జరుగుతుందని ఆయనకు తెలుసు, సాక్షి కావాలి. రూబెన్ గోడకు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆయన భార్య మార్తమ్మ గారు కోడికూర వండారు. అప్పటికి సంగతి ఆమె చెవిన పడింది.

"కూర వెయ్యి," అన్నారు దేవసహాయం గారు.

"నా కొడుకును తీసేసినోనికి నా చేతుల కూర వెయ్యాల్నా? వెయ్య."

యూసుఫ్ తలెత్తి, "అమ్మా, మీరు వెయ్యకున్న నేనేం అనుకోను," అన్నాడు. "ఉత్త చారు పోసినా చాలు. వాసనకే కడుపు నిండింది."

ఆమె గిన్నె తెచ్చి యూసుఫ్ విస్తట్లో మెడ ముక్క ఒక్కటి వేసి లోపలికి పోయారు. ఆయన దాన్నే శ్రద్ధగా, ఎముక శుభ్రమయ్యేదాకా తిన్నాడు. గడప చాటు నుంచి చూసిన మార్తమ్మ గారు మళ్ళీ వచ్చి ఇంకో గరిటె వేశారు.

నేను చెప్పులు వేసుకుంటుంటే దేవసహాయం గారు గేటు దాకా వచ్చారు. "వాని చేతులు మంచియి కావని నాకు ఎప్పటిసందో ఎరుకే సారూ," అన్నారు. "నాకు నోరు రాలే." ఆయన కోచ్‌లో వెతికినది ఏమిటో నాకు ఆ పూటే పూర్తిగా తెలిసింది. తనకు చేతకాని పని చేసిపెట్టే మనిషిని ఆయన వెతుకుతున్నారు. చేతకాదని తెలియడమే ఆయన గొప్ప. మా ఊళ్ళో మిగతా పెద్దలకు అన్నీ చేతనవుతాయి.

మర్నాడు మేమిద్దరం గ్రౌండుకు పోయేసరికి ఎవరూ లేరు. ఆయన దుంగ మీద కూర్చుని రోడ్డు వైపే చూస్తున్నారు. కుర్రాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ముత్తయ్య వచ్చాడు. ఆట మొదలు కాబోతుండగా రూబెన్ వచ్చాడు. తండ్రి వైపు చూడలేదు. చేతి గ్లవ్స్ తీసి గోలుపోస్టు దగ్గర పడేసి, వెనక ఎడమ పక్కకు పోయి నిలబడ్డాడు. దేవసహాయం గారు చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకుని, "ఈయనకు రాయుండ్రి సార్ కాయితం," అన్నారు. "ఇంగ్లీషుల వద్దు, తెలుగుల రాయుండ్రి."

యూసుఫ్ చేతిలో టీము బాగుపడింది. ఎంత బాగుపడిందో వర్ణించను. మరుసటి వేసవిలో భద్రాచలంలో జరిగిన పోటీలో ఫైనలుకు పోయాం. ఆ ఏడు జెర్సీలు మళ్ళీ శేషగిరిరావు గారివి. వాటితోపాటు వచ్చిన మనిషి ఆయన మేనల్లుడు రాజా. ముందు వరసలో ఆడేవాడు. అంటే ముందు వరసలో నిలబడి బంతి తన దగ్గరికి రాలేదని చేతులు తిప్పేవాడు. ఫైనలుకు ముందు సాయంత్రం, మేం దిగిన సత్రం వరండాలో యూసుఫ్ అతని పక్కన కూర్చుని, రేపు నువ్వు ఆడటం లేదని చెప్పాడు.

"నేనెవరో తెలుసా నీకు?" అన్నాడు రాజా.

"నాకు తెలుసు బాబూ. బంతికి తెల్వదు."

మర్నాడు రాజా రాలేదు. గ్రౌండుకు జీపు వచ్చింది; అతను అందులోంచి దిగలేదు.

ఆ ఫైనలు ఓడిపోయాం. ఇది కథైతే ఇక్కడ గెలిచేవాళ్ళం. ఒక్క గోలు తేడాతో, బాగా ఆడి ఓడిపోయాం. శేషగిరిరావు గారు జీపు దిగి వచ్చారు.

"మీరొక్క మాట చెబితే పోయేది కదండీ దేవసహాయం గారూ?"

"నా మాట కోచ్‌ను పెట్టేదాకనే సార్. పెట్టినంక నోరు మూసుకునుడే నా పని."

"అయితే అతన్ని తీసెయ్యండి."

"ఎందుకు తియ్యాలె?"

"మావాణ్ణి ఆడించలేదు."

"ఆ ముక్క మీరే ఆయనకు చెప్పుండ్రి సార్. యూసుఫ్ గక్కడనే ఉన్నడు."

యూసుఫ్ అవతలి గోలుపోస్టు దగ్గర బూట్లు సంచిలో వేస్తున్నాడు. శేషగిరిరావు గారు అటు చూశారు. మధ్యలో ఖాళీ గ్రౌండు తప్ప ఏమీ లేదు. జీపెక్కి వెళ్ళిపోయారు. ట్రాక్‌సూటు ఆయన ఆగిన మెట్టు దగ్గరే ఈయనా ఆగారు.

తరువాత కమిటీ శేషగిరిరావు గారి ఇంట్లో కూర్చుంది. దేవసహాయం గారిని పిలవలేదు. మేనేజరుగా ఆయన్ను తప్పించి రాజాను పెట్టారు. రాజా చేయవలసిన మొదటి పని యూసుఫ్‌ను తప్పించడం. అందరూ టీ తాగి వెళ్ళిపోయారు. అంతమందిలో దేవసహాయం గారి ఇంటికి పోయి, ఆయన మొహం చూసి ఆ మాట చెప్పడానికి ఒక్క మనిషి లేకపోయాడు. ఆయన ఇల్లు వాళ్ళందరికీ దారిలోనే ఉంది. ఆయనకు ఎలాగోలా తెలుస్తుందిలే అనుకున్నారట. అడవిని వేలంలో కొనడానికి భయపడని మనుషులు ఒక గుమాస్తాకు ఎదురుపడటానికి భయపడ్డారు.

ఆ సాయంత్రం మేం దుంగ మీద ఉన్నాం. యూసుఫ్ వచ్చాడు. జీపు డ్రైవరు చెప్పగా విన్నాడు. ఎప్పటిలా పలకరించకుండా మా ముందు నిలబడ్డాడు. అతన్ని చూడగానే దేవసహాయం గారికి అర్థమైందనుకుంటాను.

"నిలబడ్డవేంది, కూసో," అన్నారు. "కూసోని చెప్పు."

యూసుఫ్ ఆయన పక్కన కూర్చున్నాడు. "సార్, రేపటిసంది మీరు మేనేజర్ కాదు. రాజాబాబును పెట్టుకున్నరు. వాళ్ళు మీకు చెప్పరు. మీరు పొద్దున వచ్చి నలుగురి ముందల తెలుసుకునుడు నాకు మంచిగ అనిపించలే, అందుకే చెప్తున్న. మీ ఎనక నేను కూడ పోత."

దేవసహాయం గారు గ్రౌండు వైపు చూశారు. సున్నపు గీతలు ఆ ఉదయమే ఆయన గీయించినవి.

"మంచిగ చెప్పినవ్," అన్నారు. ఆయన ఒకరిని మెచ్చుకోగా నేను విన్నది ఆ ఒక్కసారే. తరువాత అడిగారు: "పొద్దున ప్రాక్టీసు ఎన్నింటికి?"

"ఎప్పటి లెక్కనే సార్."

మర్నాడు ఆయన వచ్చి దుంగ మీద కూర్చున్నారు.

రాజా తన మామ పద్ధతిలో కోచ్‌ను ఎంచాడు. ఆ ట్రాక్‌సూటు ఆయన్నే తెచ్చుకున్నారు. ఆ ఏడాది మా టీములో ఎవరికీ బెంచీ మీద కూర్చునే అవమానం జరగలేదు. కూర్చోవలసిన వాళ్ళందరూ ఆడుతున్నారు. కొన్నాళ్ళకు కోచ్ వెళ్ళిపోయాడు, ఇంకొన్నాళ్ళకు టీము పోయింది. క్లబ్బు పేరు రాసిన బ్యానరు మాత్రం మిగిలింది. మొన్న సభలో వేదిక వెనక కట్టింది అదే.

గ్రౌండు మీద ఆట మాత్రం ఆగలేదు. యూసుఫ్ ఖమ్మం తిరిగి పోలేదు. మా ఊళ్ళోనే ఒక గది కిరాయికి తీసుకుని సైకిల్ షాపు పెట్టాడు. పొద్దున్నే చుట్టుపక్కల గూడేల నుంచి, వాడల నుంచి వచ్చిన కుర్రాళ్ళను ఆడించేవాడు. పేరు లేని టీము, జెర్సీలు లేని టీము. దేవసహాయం గారు దానికి మేనేజరు కాదు, ఏమీ కాదు. అయినా రోజూ వచ్చి దుంగ మీద కూర్చునేవారు. ఆ పిల్లలకు ఆయన 'మేనేజర్ తాత'.

సభలో ఆయన పేర ఒక కప్పు పెడతామన్నారు. జెర్సీలు ఎవరు కుట్టిస్తారో అప్పుడే మాట్లాడుకుంటున్నారు. మంచిది. ఆయనకు నివాళి అంటే ఏమిటో నేను సభలో చూడలేదు. అంతకు ముందే, ఆయన పోయిన మర్నాటి ఉదయం చూశాను. అది చెప్పి ముగిస్తాను.

బోనకల్ నుంచి ముత్తయ్య నాతోనే వచ్చాడు. ఖమ్మంలో ఎక్కిన రాత్రి బస్సు మా ఊళ్ళో దిగేసరికి తెల్లవారుతున్నది. సమాధి కార్యక్రమం మధ్యాహ్నం. మేం ఇంటికి పోకుండా ముందు గ్రౌండుకు పోయాం. యూసుఫ్ అక్కడ ఉన్నాడు. రూబెన్ కూడా, తండ్రిని ఇంట్లో ఉంచి, వచ్చి ఎడమ పక్క నిలబడి ఉన్నాడు. నాలుగు దిక్కుల నుంచి కుర్రాళ్ళు వస్తున్నారు. అడవిలోంచి వచ్చేవాళ్ళకు ఇంకా తెలియదు. వాళ్ళలో ఒకడు ఖాళీ దుంగను చూసి, "మేనేజర్ తాత రాలేదేంది ఇయ్యాల?" అన్నాడు.

యూసుఫ్ చేతిలో బంతి ఉంది. దాన్ని పక్కన పెట్టి, కుర్రాళ్ళందరినీ దగ్గరికి పిలిచాడు. తరువాత ఆ చెడిన మోకాలు మెల్లగా మడిచి, ముందు తాను మట్టిలో కూర్చున్నాడు.